కౌంటర్ తుడిచేశాను సార్, ఇక కేసు పోయినట్టేనా?

ప్రశ్న:

సార్ నమస్తే. మాది మూసాపేటలో చిన్న కిరాణా అండ్ జనరల్ స్టోర్. నేనూ మా ఆయనా చూసుకుంటాం, పనికి ఒక అబ్బాయి ఉంటాడు, వనపర్తి వైపు నుంచి వచ్చాడు, మా దగ్గర చేరి మూడేళ్లయింది. 22 రోజుల కింద శనివారం రాత్రి పదిన్నరకి షట్టర్ సగం దించి లెక్క చూసుకుంటుంటే ఇద్దరు దూరారు, ఒకడికి హెల్మెట్, ఇంకొకడు మొహానికి కర్చీఫ్ కట్టుకున్నాడు. కత్తి చూపించి మా ఆయన్ని పక్కకి నెట్టేసి, కౌంటర్ పలక ఎత్తి లోపలికొచ్చి గల్లా గుంజి 41 వేలు, సిగరెట్ ప్యాకెట్లు, ఆయన ఫోన్ పట్టుకుపోయారు. గల్లాలో డబ్బుల కింద పెట్టే ఉద్దెర పుస్తకం కూడా కర్చీఫ్ వాడు తీసి, పేజీలు దులిపి కింద పారేశాడు. నెట్టినప్పుడు సోడా సీసాలు పగిలి మా ఆయన చెయ్యి కోసుకుపోయింది. ఆ రక్తం చూడలేక, పోలీసులు వచ్చేలోపే నేను కౌంటర్ మీద కాలిన్ కొట్టి మొత్తం తుడిచేశాను. మాకు శుభ్రంగా పెట్టుకునే అలవాటు, ప్రతి గురువారం రాత్రి మా అబ్బాయి శుక్రవారం పూజకని కౌంటర్ అంతా సర్ఫు నీళ్లతో కడుగుతాడు, ఆ అలవాటులోనే చేశానేమో. క్లూస్ టీమ్ వాళ్లు వచ్చి అయ్యో ఎందుకు తుడిచారమ్మా అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో ప్రతి ఒక్కరూ నన్నే అంటున్నారు.

మా ముగ్గురి వేలిముద్రలూ తీసుకున్నారు. అబ్బాయి ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు, నన్ను దొంగని చేశారక్కా, ఊరెళ్లిపోతా అంటున్నాడు. మా మామయ్య కూడా వాడే ఎవరికో చెప్పి ఉంటాడు, లేకపోతే శనివారం డబ్బులు ఎక్కువుంటాయని ఎలా తెలుస్తుంది అంటున్నారు. మొన్న పోలీసులు పలక అడుగు నుంచి తీసిన ఒక ముద్ర పాత కేసులున్న ఒకతనితో కలిసిందని చెప్పారు. అతనేమో నేను ఆ షాపులో సిగరెట్లు కొంటుంటా, ఎప్పుడో చెయ్యి తగిలుంటది అంటున్నాడంట. మా బంధువుల్లో ఒకాయన ఇంక ఈ కేసు నిలబడదు అనేశారు. రెండోవాడి గురించి ఏమీ తెలీలేదు. అందరి వేలిముద్రలూ ఆధార్‌లో ఉన్నాయి కదా సార్, దాంట్లో వేసి చూస్తే అయిపోదా? నా వల్లే కేసు పోయిందా? రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.

మూసాపేట నుంచి ఒక సోదరి

సమాధానం:

అమ్మా, ముందు ఆ తుడిచిన సంగతే మాట్లాడదాం, మీ ఉత్తరం అంతా దాని చుట్టే తిరుగుతోంది. కట్టుకున్నవాడి చేతి నుంచి రక్తం కారుతుంటే, కింద గాజు పెంకులుంటే ఏ ఇంటి ఇల్లాలైనా గుడ్డ తీసుకుంటుంది. నేను వేలిముద్రల విభాగంలో 27 ఏళ్లు చేసి రిటైరయ్యాను, మేం వెళ్లేసరికి ఊడ్చి తుడిచి ముగ్గు కూడా పెట్టేసిన ఇళ్లు చూశాను, వాళ్లలో ఎవరూ దొంగకి సాయం చేద్దామని చెయ్యలేదు. మిమ్మల్ని అంటున్నవాళ్లకి ఈ జవాబు చూపించండి.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. షాపులోకి వెళ్లి, బయట కస్టమర్ నిలబడే వైపు నిలబడి, ఆ పలకని ఎత్తి చూడండి. మీ చెయ్యి ఎలా పడిందో గమనించండి. బొటనవేలు పైన ఉంటుంది, మిగతా నాలుగు వేళ్లూ అడుగున ఉంటాయి, వేరే రకంగా దాన్ని ఎత్తడం కష్టం. మీరు కాలిన్ కొట్టింది పైన. అంటే పోతే ఒక బొటనవేలు పోయి ఉంటుంది, నాలుగు వేళ్లు అడుగున అలాగే ఉన్నాయి, వాటిలోదే ఇప్పుడు పోలీసులు చెప్తున్న ముద్ర. మీ పలకకి అడుగున కూడా సన్‌మైకా అంటించి ఉంటారు, అందుకే అంత బాగా వచ్చింది, ఉత్త ప్లైవుడ్ అయితే చెమటని పీల్చేసుకుంటుంది, పౌడర్ వేసినా గీతలు విడివిడిగా కనపడవు. గ్లాసు, స్టీలు, సన్‌మైకా, పెయింట్ వేసిన రేకు, ఇలాంటి నున్నటివాటి మీదే పౌడర్ పని చేస్తుంది. వేలి మీద గీతల్లో చెమట రంధ్రాలుంటాయి, ఆ చెమట ఎక్కువ భాగం నీళ్లే, కొంచెం ఉప్పు, కొంచెం అమైనో ఆమ్లాలు, దానికి తోడు మనం మొహం, జుట్టు ముట్టుకున్నప్పుడు అంటిన జిడ్డు. ఆ జిడ్డుకి, తడికి పౌడర్ అతుక్కుంటుంది, దాన్ని ఫోటో తీసి టేపుతో ఎత్తుతారు. దొంగ భయంలో ఉంటాడు కాబట్టి చేతులకి చెమట కూడా ఎక్కువ పడుతుంది, ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

అలా దొరికిన ముద్రని మా వాళ్లు చాన్స్ ప్రింట్ అంటారు. దాన్ని కంప్యూటర్లో వేస్తారు, తెలంగాణ పోలీసుల దగ్గర పాపిలాన్ అనే సిస్టమ్ ఉంది, దేశం మొత్తానికి 2022 ఆగస్టు నుంచి నాఫిస్ అని ఒకటి నడుస్తోంది, దాంట్లో ప్రతి మనిషి రికార్డుకీ పది అంకెల నంబర్ ఇస్తారు. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఏంటంటే, కంప్యూటర్ వీడే దొంగ అని చెప్పేస్తుంది అనుకుంటారు. అది చెప్పదమ్మా. దగ్గరగా ఉన్నవి కొన్ని వరసగా తీసి ముందు పెడుతుంది, అంతే. తర్వాత ఒక మనిషి కూర్చుని, గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, రెండు చీలికల మధ్య ఎన్ని గీతలున్నాయి అని లెన్సు పెట్టి ఒక్కొక్కటి పోల్చి చూసి, ఇంకొకరితో కూడా చూపించుకుని అప్పుడు సంతకం పెడతాడు. ఆ సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆగాలి, ఆగకపోతే ఏమవుతుందో చెప్తాను. 2004లో మాడ్రిడ్ రైళ్ల పేలుళ్ల కేసులో దొరికిన ముద్ర బ్రాండన్ మేఫీల్డ్ అనే అమెరికా లాయర్‌దే అని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చేసి ఆయన్ని లోపలేశారు, తర్వాత స్పెయిన్ పోలీసులు అది ఇంకెవరిదో అని నిరూపిస్తే వదిలిపెట్టి క్షమాపణ చెప్పారు. అంత పెద్ద సంస్థే తప్పు చేసింది. కాబట్టి ముద్ర కలిసిందని పోలీసులు చెప్పగానే వీడే అని మీరు వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో పెట్టకండి, ఎవరైనా పెట్టినా మీ ఆయన్ని చూడొద్దనండి. రేపు జైల్లో ఐడెంటిఫికేషన్ పరేడ్ పెడితే, అంటే కొంతమందిని వరసగా నిలబెట్టి వీళ్లలో ఎవరు అని మీ ఆయన్ని అడిగితే, ముందే ఫోటో చూసి గుర్తుపట్టాడు అని డిఫెన్స్ లాయర్ మొదటి ప్రశ్నే అది వేస్తాడు.

ఇక అసలు విషయం. నేను మీ షాపు కస్టమర్ని, ఎప్పుడో చెయ్యి తగిలుంటది అని అతను అంటున్నాడు కదా. ఇది ఊరికే కొట్టిపారేసే మాట కాదు. మీ గ్లాసు డోర్ మీద దొరికుంటే, ఫ్రిజ్ హ్యాండిల్ మీద దొరికుంటే, బిస్కెట్ల డబ్బా మూత మీద దొరికుంటే నేను కూడా మీ బంధువు మాటే అనేవాణ్ణి, ఎందుకంటే అక్కడ మూసాపేటలో సగం మంది వేళ్లుంటాయి. వేలిముద్ర ఎవరిదో చెప్తుంది, గట్టిగా చెప్తుంది, కవలలైనా విడదీసి చెప్తుంది, కానీ ఎప్పుడు పడిందో, ఏం చేస్తుంటే పడిందో దాని మీద రాసుండదు. ముద్ర వయసు నమ్మకంగా చెప్పే పద్ధతి ఇప్పటిదాకా లేదు.

ఈ సంగతి మన దేశం కోర్టులకి 120 ఏళ్లకి పైగానే తెలుసు. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల బ్యూరో కలకత్తాలో 1897లో పెట్టారు, దాని వెనక లెక్కంతా కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లు, పేరు మాత్రం పై అధికారి హెన్రీకి పోయింది, మా డిపార్ట్‌మెంట్‌లో చేరిన ప్రతివాడికీ ఈ బాధ కొంచెం ఉంటుంది. ఆ కొత్తలోనే, 1898 నాటి కేసు, జల్పాయ్‌గురిలో ఒక టీ తోట మేనేజర్ని పడుకున్నచోటే గొంతు కోసి పెట్టెలో డబ్బులు ఎత్తుకెళ్లారు. బట్టల మీద రక్తం మరకలున్నాయని ముందు ఇంట్లో వంటవాడిని అనుమానించారు, కూలీల్ని అనుమానించారు. తర్వాత డబ్బుల పెట్టెలో ఉన్న ఒక బెంగాలీ క్యాలెండర్ పుస్తకం మీద మసక మసకగా రక్తపు వేలి మరక కనపడింది. కలకత్తా రికార్డుతో పోలిస్తే అది అంతకుముందు అదే ఇంట్లో పనిచేసి దొంగతనం కేసులో జైలుకెళ్లొచ్చిన కంగాలీ చరణ్ అనే అతని కుడిచేతి బొటనవేలు. ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఉన్నవాణ్ణి పట్టుకొచ్చారు. కోర్టు ఏం చేసిందంటే, పెట్టె మీద చెయ్యేశాడు కాబట్టి దొంగతనానికి శిక్ష వేసింది, హత్యకి మాత్రం వెయ్యలేదు, చంపుతుండగా చూసినవాళ్లు లేరు, ఈ ఒక్క మరక మీద ఆ శిక్ష వెయ్యలేం అంది. నేను ట్రైనింగ్‌లో ఈ కేసు విన్నప్పుడు జడ్జీల మీద కోపం వచ్చింది, సర్వీసులో పదేళ్లు గడిచాక వాళ్లు చెప్పింది ఎంత సరైనదో అర్థమైంది. ముద్ర ఎంతవరకు చెప్తే అంతవరకే తీసుకోవాలి, మిగతాది వేరే సాక్ష్యం చెప్పాలి.

మీ కేసులో ఆ మిగతాది ఉందా అంటే, ఉంది. మీరు మీ ఉత్తరంలోనే రాశారు, మీకు తెలీకుండానే రాశారు.

మొదటిది చోటు. పలక అడుగున ఎంత లోపలికి ముద్ర ఉంది అనేది ముఖ్యం. అంచుకి అంగుళం లోపలైతే, సిగరెట్ కోసం వచ్చి కౌంటర్ మీద ఆనుకుని నిలబడ్డవాడి వేళ్లు కూడా అంచు కిందకి వంగి తగలొచ్చు, అది ఒప్పుకోవాలి. మూడు నాలుగు అంగుళాలు లోపలికి, వేలి కొసలు షాపు లోపలి వైపు చూస్తూ ఉంటే అది ఆనుకున్న చెయ్యి కాదు, ఎత్తిన చెయ్యి. క్లూస్ టీమ్ వాళ్లు స్కేల్ పెట్టి ఫోటో తీస్తారు, అందులో ఇది తెలుస్తుంది. మీ ఆయన ఎస్సైకి చెప్పాల్సింది ఏంటంటే, ఆ పలకని మామూలుగా ఎవరెవరు ఎత్తుతారు, మీరు, ఆయన, అబ్బాయి, ఇంకా పాల ప్యాకెట్లు వేసేవాడా, కూల్ డ్రింక్ క్రేట్లు దించేవాడా, వాళ్లందరి పేర్లూ. కస్టమర్ ఎవరూ ఎత్తరు అనేది నిజమైతే అది కూడా స్టేట్‌మెంట్‌లో రాయించండి, నిజం కాకపోతే మాత్రం కేసు గట్టిపడుతుందని అలా చెప్పకండి, అతను నిజంగానే కస్టమర్ అయ్యుంటే ఒక మనిషి ఏళ్లకేళ్లు జైల్లో ఉంటాడు. కత్తితో బెదిరించి దోచుకోవడం అంటే కొత్త న్యాయసంహితలో సెక్షన్ 309తో పాటు 311 కూడా పడొచ్చు, కత్తి వాడినట్టు రుజువైతే ఏడేళ్లకి తక్కువ శిక్ష వెయ్యడానికి వీల్లేదు. అంత బరువున్న మాట మీ నోట్లోంచి వస్తోందని గుర్తుపెట్టుకోండి.

రెండోది టైము. గురువారం రాత్రి అబ్బాయి కౌంటర్ అంతా సర్ఫు నీళ్లతో కడుగుతాడు అని ఎక్కడో మధ్యలో మాటలో మాటగా రాశారు. నేను ఉత్తరం చదువుతూ అక్కడ ఆగిపోయాను. దొంగతనం శనివారం రాత్రి. ఆ గురువారం అబ్బాయి పలక అడుగు కూడా తడిగుడ్డ పెట్టి రుద్ది ఉంటే, అంతకుముందు ఎవరి ముద్ర ఉన్నా పోయి ఉండాలి, ఇప్పుడు దొరికింది గురువారం రాత్రికీ శనివారం రాత్రికీ మధ్య పడిందే అవ్వాలి. ఎప్పుడో చెయ్యి తగిలుంటది అన్న మాట అక్కడితో రెండు రోజులకి కుదించుకుపోతుంది. మీరు రాయలేదు కానీ షాపులో సీసీ కెమెరా ఉంటే, ఆ రెండు రోజుల్లో అతను షాపుకి వచ్చాడా లేదా అది చెప్తుంది. ముద్ర మీద లేని తేదీని మీ పూజ అలవాటూ, కెమెరా కలిసి చెప్తాయన్నమాట.

కానీ ఇక్కడ జాగ్రత్త. అబ్బాయిని నువ్వు అడుగున కూడా తుడిచావు కదా, తుడిచావు కదా అని అడగకండి. గురువారం ఎలా కడుగుతావో మొదట్నుంచీ చెప్పు అని వాణ్ణే చెప్పనివ్వండి, అదీ పోలీసుల ముందే. అడుగు తుడవలేదు అంటే తుడవలేదు అనే రాయాలి.

కెమెరా అన్నాను కాబట్టి, డీవీఆర్, అంటే ఆ వీడియో రికార్డయ్యే పెట్టె, ఇంకా మీ దగ్గరే ఉంటే ఇవ్వాళే పోలీసులకి చెప్పండి. రోజులు గడిస్తే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది, ఇప్పటికే 22 రోజులైంది. ఒక్క శనివారం రాత్రి ముక్క మాత్రమే ఇచ్చి ఉంటే చాలదు, గురువారం నుంచీ మొత్తం కావాలి. డీవీఆర్ గడియారం అసలు టైముకి ఎన్ని నిమిషాలు అటూ ఇటూ ఉందో రాసి పెట్టండి. ఎలక్ట్రానిక్ రికార్డుకి కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, దాని మీద షాపు యజమానిగా మీ ఆయన సంతకం అడుగుతారు, భయపడొద్దు. మీరిద్దరూ కూర్చుని ఆ వీడియో చూస్తూ హెల్మెట్ వాడి చెయ్యి, కర్చీఫ్ వాడి చెయ్యి ఎక్కడెక్కడ పడిందో వరసగా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, దానంత పనికొచ్చే కాగితం ఇంకోటి ఉండదు, ఎందుకంటే మా వాళ్లు అర్ధరాత్రి వచ్చి టార్చిలైటు వేసుకుని ఎక్కడ చెయ్యేసి ఉంటాడా అని ఊహించుకుంటూ వెతుకుతారు.

ఇప్పుడు రెండోవాడు, కర్చీఫ్ వాడు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైంది అనిపించింది ఆ ఉద్దెర పుస్తకం. అది గల్లాలో డబ్బుల కింద ఉంటుంది, కస్టమర్ చెయ్యి దాని మీద పడే అవకాశమే లేదు, వాడు తీసి పేజీలు దులిపాడు అంటే లోపలి పేజీలు పట్టుకున్నాడు. జల్పాయ్‌గురి పెట్టెలో ఆ క్యాలెండర్ ఎలాంటిదో మీ గల్లాలో ఈ పుస్తకం అలాంటిది. పోలీసులు సీజ్ చేసినట్టు మీరు రాయలేదు, కాబట్టి ఇంకా మీ దగ్గరే ఉండి ఉంటుంది, బహుశా దాంట్లోనే ఇంకా లెక్కలు రాస్తూ ఉండి ఉంటారు.

22 రోజులైంది కదా, ఇంకేముంటుంది అనుకోకండి. గ్లాసు మీద ముద్ర వేరు, కాగితం మీద ముద్ర వేరు. కాగితం మీద చెమట లోపలికి ఇంకిపోతుంది, అందులోని అమైనో ఆమ్లాలు కాగితం పీచుకి పట్టుకుని ఉండిపోతాయి, ఏళ్ల తర్వాత కూడా తీసిన సందర్భాలున్నాయి. దానికి పౌడర్ వాడరు, నిన్‌హైడ్రిన్ అనే మందు కొడతారు, కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో వేలి గీతలు ఊదా రంగులో తేలతాయి, మొదటిసారి చూసినవాళ్లు ఎవరైనా అలా చూస్తూ ఉండిపోతారు. మా రోజుల్లో ఒక చిట్ ఫండ్ కాగితం మీద అలా తేలుతుంటే నేను మధ్యాహ్నం భోజనం మర్చిపోయాను.

కాబట్టి ఇవ్వాళ్టి నుంచి ఆ పుస్తకంలో రాయొద్దు, కొత్తది కొనుక్కోండి. పేజీలు తిప్పకుండా అంచులు పట్టుకుని, ఒక పాత పేపర్ కవర్లో గానీ ఖాకీ కవర్లో గానీ పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం వద్దు, లోపల చెమ్మ పట్టి పాడవుతుంది. తర్వాత స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు వచ్చి పంచనామా రాసి సీజ్ చేసి, వేలిముద్రల బ్యూరోకి గానీ రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కి గానీ పంపుతారు. ఇన్ని రోజులు ఎక్కడుంది, ఎవరెవరు ముట్టుకున్నారు అని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మేం వాడుతూనే ఉన్నాం అని చెప్పండి, దాచితేనే ఇబ్బంది. మీ ముగ్గురి ముద్రలు ఎలాగూ వాళ్ల దగ్గరున్నాయి, అవి తీసి పక్కన పెట్టి మిగిలినవి చూస్తారు. మందు తగిలితే ఇంకు పాకిపోవచ్చు, కాబట్టి ఉద్దెర లెక్కలు పోతాయని మీకు బెంగ ఉంటే, సీజ్ చేసేటప్పుడే పేజీల ఫోటోలు మాకు కావాలి అని అడగండి, గ్లౌజులు వేసుకుని వాళ్లే తిప్పి తీస్తారు. కిరాణా నడిపేవాళ్లకి ఉద్దెర పుస్తకం అంటే ఏంటో నాకు తెలుసమ్మా, మా మేనమామది కూడా కిరాణా కొట్టే.

ఆధార్ సంగతి క్లుప్తంగా చెప్తాను. కుదరదు. ఆధార్ చట్టంలోనే వేలిముద్రలు, కంటిపాప వివరాలు ఎవరికీ ఏ కారణంతోనూ ఇవ్వకూడదని రాసుంది. గోవాలో ఒక ఘోరమైన కేసులో సీబీఐ అడిగితే, 2014లో సుప్రీంకోర్టు ఇవ్వొద్దని ఆపేసింది. పైగా ఆధార్ కట్టింది ఈ మనిషి ఫలానా మనిషేనా అని చూడ్డానికి, ఎక్కడో పలక అడుగున దొరికిన సగం ముక్క ముద్రని కోట్ల మందిలో వెతకడానికి కాదు. మెషిన్ మీద వేలు సరిగ్గా ఆనించినా రేషన్ షాపులో పెద్దవాళ్ల వేళ్లు, సిమెంటు పని చేసేవాళ్ల వేళ్లు పడక ఎంత అవస్థ పడతారో మీరు చూస్తూనే ఉంటారు. రెండోవాడు ఇంతకుముందు ఎప్పుడూ పట్టుబడనివాడైతే ఇప్పుడు ఎక్కడా కలవడు, నిజమే. కానీ పుస్తకం మీద ముద్ర దొరికితే అది సిస్టమ్‌లో ఉంటుంది, రేపు ఇంకెక్కడైనా దొరికి వేళ్లు తీసిన రోజు కలుస్తుంది. మా దగ్గర ఏళ్ల తర్వాత అలా తేలిన కేసులున్నాయి.

ఇక చిన్న చిన్నవి. ఫోన్ ఐఎంఈఐ నంబర్ ఇంకా బ్లాక్ చేయించకపోతే పోయిన ఫోన్లని బ్లాక్ చేసే ప్రభుత్వ సైటు సీఈఐఆర్ పోర్టల్‌లో వెంటనే చేయించండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా మీ హక్కు. 90 రోజుల్లోపు దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో ఫిర్యాదుదారుకి చెప్పాలని కొత్త చట్టంలో ఉంది, కాబట్టి వెళ్లి అడగడానికి మొహమాటం వద్దు. డబ్బు దొరికితే కోర్టులో పిటిషన్ వేసి కేసు నడుస్తుండగానే తెచ్చుకోవచ్చు. కౌంటర్ మీద ఇంకా పౌడర్ మిగిలి ఉంటే ముందు పొడిగుడ్డతో దులిపి తర్వాత సబ్బునీళ్లు వాడండి, ముందే తడిపితే మరకలా పట్టేస్తుంది.

అబ్బాయి గురించి చివర్లో రాస్తున్నాను కానీ నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. షాపులో వాళ్ల వేళ్లు తీసేది అనుమానంతో కాదు, ఏరివేయడానికి. బియ్యంలో రాళ్లు ఏరాలంటే ఏది బియ్యమో ముందు తెలియాలి కదా. మీ ముద్రా తీశారు, మీ ఆయనదీ తీశారు, మీ ఇద్దర్నీ ఎవరూ దొంగలనుకోలేదు. 1905లో లండన్ పక్కన డెప్ట్‌ఫోర్డ్‌లో ఒక పెయింట్ల షాపు దోచుకుని ముసలి దంపతుల్ని చంపేశారు, గల్లాపెట్టె లోపలి ట్రే మీద ఒక బొటనవేలి ముద్ర దొరికింది. ఆ పెట్టెని ఒక సార్జెంటు చేత్తో జరిపానని చెప్తే, పోలీసైనా సరే ఆయన వేళ్లు తీసి పోల్చి, ఆయనది కాదని తేల్చుకున్నాకే ముందుకెళ్లారు. చివరికి ఆ వేలు స్ట్రాటన్ అన్నదమ్ముల్లో ఒకడిదని తేలింది. అబ్బాయికి ఈ సార్జెంటు కథ చెప్పండి.

నేను సర్వీసులో చేరిన కొత్తలో ఒక మెడికల్ షాపు దొంగతనానికి వెళ్లాను. సొరుగు లోపల మంచి ముద్ర దొరికింది, ఓనరుదీ కౌంటర్ కుర్రాడిదీ తీసుకున్నాను, రెండూ కలవలేదు. ఇంకెవరైనా లోపలికొస్తారా అని నేను గట్టిగా అడగలేదు. రెండు వారాలు ఆ ముద్రని పట్టుకుని తిరిగాం. ఈలోపు ఓనరు, ఈ కుర్రాడే ఎవడికో తాళం ఇచ్చుంటాడని తిట్టి జీతం ఆపి పంపించేశాడు. తీరా చూస్తే ఆ ముద్ర ఓనరు బావమరిదిది, స్టాకు వచ్చినప్పుడు సాయానికి వచ్చేవాడట. కుర్రాణ్ణి వెతికితే అప్పటికే ఊరెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఒక్క ప్రశ్న అడిగుంటే అది జరిగేది కాదు. తర్వాత ప్రతి షాపులోనూ బావమరుదులు, అల్లుళ్లు, తోడల్లుళ్లు అందరూ ఎవరెవరు లోపలికొస్తారో అడిగి అడిగి విసిగించేవాణ్ణి.

మీ మామగారి మాటకి కూడా జవాబు చెప్పాలి. శనివారం డబ్బులెక్కువుంటాయని తెలియడానికి లోపలి మనిషే అక్కర్లేదు, రెండు శనివారాలు రోడ్డు అవతల టీ బండి దగ్గర నిలబడి చూస్తే ఎవడికైనా తెలుస్తుంది, పైగా పట్టుబడ్డవాడు నేను అక్కడ సిగరెట్లు కొంటుంటా అని తనే చెప్తున్నాడు. పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పి, ఆధారం ఏమైనా ఉంటే పోలీసులకే చెప్పమనండి, లేకపోతే వాడి ముందర ఆ మాట ఇంకోసారి అనొద్దని అడగండి.

ఎందుకంటే మీ కేసులో ఆ ముద్రకి తేదీ చెప్పగలిగినవాడు ఆ అబ్బాయి ఒక్కడే. పోలీసుల దగ్గర ఉన్నది ముద్ర, వాడి దగ్గర ఉన్నది గురువారం రాత్రి. వాడు ఊరెళ్లిపోతే అది కూడా వాడితోపాటే వెళ్లిపోతుంది. రేపు పొద్దున మీ ఆయనా మీరూ వాణ్ణి వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లండి, వాళ్లు తెమ్మంటే పుస్తకం ఉన్న కవర్ కూడా తీసుకెళ్లొచ్చు. గురువారం కౌంటర్ కడిగేది ఇతనే, ఇతని స్టేట్‌మెంట్ కూడా తీసుకోండి అని ఎస్సైతో మీరే చెప్పండి, వాడి ముందరే చెప్పండి. వెళ్లే ముందు ఇంట్లో కూర్చోబెట్టి వాడికి అన్నం పెట్టండి. షాపు ఒక పూట మూసినా పర్లేదు.